ఆరో తరగతిలో చేరిన పిల్లలకు తొలి మూడు నెలలు: తల్లిదండ్రులు చేయదగిన పనులు

ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి పూర్తి చేసి, జూన్ 12న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో అడుగుపెట్టే పిల్లలకు ఒక్క రోజులో చాలా మారిపోతుంది. అంతకుముందు ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు అన్ని పాఠాలూ చెప్పేవారు. ఏ పిల్ల ఎప్పుడు అలుగుతుందో, ఏ పిల్లవాడికి చూపు ఆనదో కూడా వారికి తెలిసేది. ఇక్కడ పీరియడుకొకరు వస్తారు, గంట కొట్టగానే వెళ్లిపోతారు. పరిసరాల విజ్ఞానం స్థానంలో సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం విడివిడిగా వస్తాయి, హిందీ మొదలవుతుంది. కింది బడిలో అందరికంటే పెద్దవారైన ఈ పిల్లలు పదో తరగతి వారి మధ్య అందరికంటే చిన్నవారైపోతారు. ఐదులో చురుగ్గా ఉన్న పిల్లలు ఆరులో ఆగస్టు నాటికి డీలా పడితే, సాధారణంగా అందుకు కారణం తెలివి తగ్గడం కాదు, ఇవన్నీ ఒకేసారి మీద పడటం. వెంటనే ట్యూషన్‌కు పంపించి ఆ బరువుకు ఇంకో గంట కలపడం కంటే, వీటిని ఒక్కొక్కటిగా అలవాటు చేయించడం మేలు.

మొదట చూడవలసినది టైం టేబుల్. దానిని రెండు ప్రతులు రాయించి, ఒకటి సంచిలో పెట్టించి, రెండోది పిల్లలు చదువుకునే చోట గోడకు అతికించండి. మర్నాటి పుస్తకాలను రాత్రి పడుకునే ముందే సర్దుకోవాలి. సర్దవలసింది పిల్లలే, మీరు పక్కన కూర్చుంటే చాలు. చాలామంది ఆరో తరగతి పిల్లలు అన్ని సబ్జెక్టులనూ ఒకే రఫ్ నోటుబుక్కులో రాసుకుని, ఫెయిర్ నోట్సులో ఎక్కించకుండానే వారాలు గడిపేస్తారు. అందువల్ల ప్రతి ఆదివారం ఒక గంట కేటాయించి, ఏ నోట్సు ఎక్కడ ఆగిందో చూడండి. ఇంటిపనిని రాసుకోవడానికి చిన్న డైరీ వేరుగా ఉండాలి. సాయంత్రం ఇంటికి రాగానే "ఇవాళ బడిలో ఏం జరిగింది?" అని అడిగితే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది, "సోషల్ సారు ఏ పాఠం మొదలుపెట్టారు?" అని అడిగితే మాట సాగుతుంది.

లెక్కల విషయంలో మాత్రం కాస్త లోతుగా చూడక తప్పదు. జూన్ నెలలోనే ఒక సాయంత్రం 816ను 8తో భాగించమనండి. జవాబు 12 అని వచ్చిందంటే, పిల్లవాడు 8లో ఎనిమిదిని, 16లో ఎనిమిదిని సరిగానే చూశాడు కాని, పదుల స్థానంలో సున్న వేయాలని అతనికి తెలియలేదు. అది ఎక్కాలు రాకపోవడం కాదు, స్థానవిలువ అర్థం కాకపోవడం. ఆ పిల్లవాడి చేత పన్నెండో ఎక్కం వందసార్లు అప్పజెప్పించినా ఆ తప్పు పోదు. 816 అంటే ఎనిమిది వందలు, ఒక పది, ఆరు ఒకట్లు అని నోట్లు, చిల్లర ముందు పెట్టి ఎనిమిది మందికి పంచమంటే రెండు రోజుల్లో పోతుంది. అలాగే సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడగండి. పైఅంకెలు, కింది అంకెలు విడివిడిగా కలిపి అయిదింట రెండు వంతులని చెప్పే పిల్లలను, ఆ జవాబు సగం కంటే తక్కువ కదా అని ఒక్క మాట అడిగితే వారే ఆగి ఆలోచిస్తారు. ఆరో తరగతిలో వచ్చే పూర్ణసంఖ్యలు, భిన్నాలు, నిష్పత్తి అన్నీ ఈ పునాది మీదే నిలబడతాయి. ఇలాంటి లోపాలను బడి తెరిచిన కొత్తలో, బ్రిడ్జి కోర్సు పేరిట పాత పాఠాలు నెమరువేయించే రోజుల్లో పట్టుకుంటే ఉపాధ్యాయులకూ సరిచేసే వీలుంటుంది.

హిందీని చూసి భయపడే పిల్లలకు ముందుగా చెప్పవలసిన మాట, వారికి వర్ణమాల ఇప్పటికే సగం వచ్చు అని. క ఖ గ ఘ, చ ఛ జ ఝ అనే వరుస తెలుగులో ఎలా ఉందో హిందీలోనూ అలాగే ఉంది. తెలుగు అక్షరం పక్కన హిందీ అక్షరం రాయించండి. రోజుకు అయిదారు అక్షరాల చొప్పున నేర్చుకున్నా జూలై మొదటి వారానికి అన్నీ వచ్చేస్తాయి. ఇబ్బంది పెట్టేవి రెండే. ఇ-కారపు గుర్తు పలకడంలో హల్లు తరువాత వచ్చినా, రాతలో హల్లుకు ఎడమ వైపున వస్తుంది కనుక పిల్లలు చదివేటప్పుడు తడబడతారు. రెండవది లింగం: మనకు నపుంసకమైన వస్తువులన్నీ హిందీలో స్త్రీలింగమో పుంలింగమో అవుతాయి. కొత్త మాటను ఒంటరిగా కాకుండా 'మేరీ కితాబ్', 'మేరా ఘర్' అని కలిపి నేర్పిస్తే లింగం దానంతట అదే గుర్తుంటుంది. ఇంట్లో ఎవరికీ హిందీ రాకపోతే, ఊళ్లో తొమ్మిదో పదో చదివే పిల్లల దగ్గర వారానికి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టండి.

ఆంగ్ల మాధ్యమంలోకి వచ్చిన పిల్లలకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చిన చోట, ఒక పేజీలో ఆంగ్లం, ఎదుటి పేజీలో తెలుగు ఉంటాయి. తెలుగు పేజీ చూడకుండా దాచమని కొందరు చెప్తుంటారు. నా అభిప్రాయంలో అది సరికాదు. ముందు తెలుగులో చదివి, విషయాన్ని సొంత మాటల్లో చెప్పించి, ఆ తరువాతే ఆంగ్లం చదివిస్తే, బట్టీ పట్టే అవసరం చాలావరకు తగ్గుతుంది.

జూలై, ఆగస్టు నెలల్లో నాట్ల పనులుంటాయి, జ్వరాలూ వస్తాయి. ప్రాథమిక పాఠశాలలో నాలుగు రోజులు మానితే ఆ ఒక్క టీచరే కూర్చోబెట్టి చెప్పేవారు. ఉన్నత పాఠశాలలో నాలుగు రోజులంటే ఆరు సబ్జెక్టుల్లో నాలుగేసి రోజులు. అందుచేత తప్పనిసరి అయితే తప్ప మాన్పించకండి. మానిన రోజు సాయంత్రమే నోట్సు తెచ్చుకోవడానికి తరగతిలో ఇద్దరి పేర్లు, ఇళ్లు తెలిసి ఉండాలి. ఇది చదువుకు సంబంధించిన జాగ్రత్తే అయినా, స్నేహానికి కూడా ఇక్కడే దారి పడుతుంది.

స్నేహాల విషయంలో తల్లిదండ్రులు చేయగలిగింది కొద్దిగానే ఉన్నా, అది ముఖ్యమైనది. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మొదట తమ ఊరివారితోనే కూర్చుంటారు. ఒక్కరే వచ్చిన పిల్లలకు మాత్రం మధ్యాహ్న భోజనం వేళ గడవడం కష్టం. ఎవరితో కలిసి తింటున్నారన్నది మార్కుల కంటే ముందు తెలుసుకోవలసిన విషయం. వారం గడిచినా పేరు చెప్పలేకపోతే క్లాస్ టీచరును కలవండి. అప్పుడు "మా వాడు బాగా చదువుతున్నాడా?" అని కాకుండా, "ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఇంటర్వెల్‌లో ఎక్కడ ఉంటున్నాడు?" అని అడిగితే ఆ టీచరు కూడా ఆ కంటితో గమనిస్తారు. బెంచీ మార్చడం వంటి చిన్న పనితో తీరిపోయే ఒంటరితనాలు చాలా ఉన్నాయి. పిల్లల ఎదుటే వారి లోపాలను టీచరుకు ఏకరువు పెట్టవద్దు.

పెద్ద తరగతుల పిల్లలు మారుపేర్లు పెట్టడం, డబ్బులడగడం, మరుగుదొడ్డి దగ్గర అడ్డగించడం వంటివి జరిగితే పిల్లలు సూటిగా చెప్పరు. ఉదయాన్నే కడుపునొప్పి అంటారు, బడిలో నీళ్లు తాగడం మానేస్తారు. అలాంటప్పుడు నేరుగా ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి. ఉపాధ్యాయులే కొట్టినా, అవమానించినా, 2009 విద్యా హక్కు చట్టంలోని 17వ సెక్షన్ దానిని నిషేధిస్తుందని తెలిసి ఉండాలి. ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితిలో పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చని పిల్లలకు నేర్పండి.

ఆడపిల్లలకు ఆరు, ఏడు తరగతుల వయసులో తొలి నెలసరి రావడం సాధారణం. సంచిలో ఒక ప్యాడ్ ఉంచి, ఏ మేడంతో చెప్పాలో ముందే అనుకుంటే, ఆ రోజు బడిలో బిడ్డ బెదిరిపోదు.

ఇక తొలి నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్.ఏ.), అంటే పాఠాలు సాగుతుండగానే పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూసే మదింపు. తెలంగాణలోని నిరంతర సమగ్ర మూల్యాంకన పద్ధతిలో ఎఫ్.ఏ. మార్కులు లఘు పరీక్ష ఒక్కదానికే కాక, తరగతిలో భాగస్వామ్యానికి, రాత పనులకు, ప్రాజెక్టు పనికి కూడా వేస్తారు. కనుక మార్కులు తక్కువ వస్తే ఏ భాగంలో తగ్గాయో అడిగి తెలుసుకోండి. నోట్సు అసంపూర్తిగా ఉండి పోయిన మార్కులకు మందు నోట్సు పూర్తి చేయడమే. ప్రశ్న అడిగితే నోరు విప్పనందుకు పోయినవైతే, రాత్రి భోజనాల తరువాత ఆ రోజు పాఠం ఇంట్లో ఎవరికైనా చెప్పించండి.

ఇవన్నీ చేసినా దసరా నాటికి లెక్కల్లోనో చదవడంలోనో వెనకబాటు తీరకపోతే, అప్పుడు ట్యూషన్ మాట ఆలోచించవచ్చు. అయితే ఆరో తరగతి పాఠాన్నే మళ్లీ వల్లెవేయించే చోటికి కాకుండా, అవసరమైతే నాలుగో తరగతి భాగహారాలు దగ్గర కూర్చుని చేయించడానికి సిద్ధపడే వారి దగ్గరికే పంపండి.