రాజమహల్‌ను లెగో ఇటుకలతో కట్టి, ఫోటోలా రెండర్ చేయడం ఎలా?

చంద్రగిరి రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. మనకు వాటిలో ఇటుక ఒక్కటే కావాలి, అదీ కంప్యూటర్‌లో. లెగో ఇటుకలతో తెరపై ఒక నమూనా కట్టి, బల్ల మీద పెట్టి తీసిన ఫోటో అని చూసినవాళ్లు నమ్మేలా దాన్ని రెండర్ చేయడం, అంటే వెలుగు, కెమెరా అమర్చి కంప్యూటర్ చేత చిత్రంగా గీయించడం, మంచి కాలక్షేపం. కావలసిన సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. అసలు ఇటుకలు కొని ఇదే కట్టాలంటే జేబు తడుముకోవాల్సి వస్తుంది.

కొత్తగా చేసేవాళ్ల రెండర్లు చాలావరకు చూడగానే దొరికిపోతాయి. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. వాళ్లు కోటను చూపించబోతారు. అందుకే కింద నుంచి పైకి చూసే కెమెరా, వెనక కొండ, ఆకాశం నిండా మబ్బులు. మీరు చూపించాల్సింది జానెడు ప్లాస్టిక్ బొమ్మను. దాని పరిమాణాన్ని మరవకపోతే వెలుగు, కెమెరా, బల్ల గురించిన సందేహాలు సగం వాటంతట అవే తీరిపోతాయి.

ఎంత కట్టాలి?

మహల్ మొత్తం నెత్తికెత్తుకోవద్దు. ముందు గోడలో ఒక ముక్క చాలు: మూడంతస్తులు, అంతస్తుకు మూడు కమానులు, పైన చిన్న శిఖరం. తిరుపతి నుంచి చంద్రగిరి 15 కిలోమీటర్ల లోపే కాబట్టి ఒక ఆదివారం వెళ్లి ఎదురుగా నిలబడి ఒక ఫోటో, పక్క నుంచి ఒకటి, కమానును దగ్గరగా ఒకటి తీసుకోండి. ఎండ ముదరకముందే వెళ్తే గోడ రంగు ఉన్నదున్నట్టు పడుతుంది.

ఇక లెక్కలు. లెగో ఇటుకపై ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మి.మీ. ఇటుక ఎత్తు, బుడిపెను వదిలేస్తే, 9.6 మి.మీ. పలచటి ప్లేట్ ఎత్తు అందులో మూడో వంతు, 3.2 మి.మీ. నాలుగు బుడిపెల పొడవున్న కమానులు మూడు తీసుకుని, వాటి మధ్యన, అటూ ఇటూ ఒక్కో బుడిపె స్తంభం వేస్తే 16 బుడిపెలు, అంటే 12.8 సెం.మీ. వెడల్పు. అంతస్తుకు అయిదు ఇటుకల వరుసల చొప్పున మూడంతస్తులకు 14.4 సెం.మీ. శిఖరంతో కలిపి 18 దాటనివ్వకండి. కెమెరా పెట్టేటప్పుడు ఈ అంకెలు మళ్లీ కావాలి. అయిదు ప్లేట్ల ఎత్తు సరిగ్గా రెండు బుడిపెల వెడల్పుకు, 16 మి.మీ.కు, సమానం. ఇటుకలను పక్కకు తిప్పి సన్నటి అలంకారాలు అమర్చేవాళ్లంతా ఈ లెక్క మీదే ఆధారపడతారు. శిఖరం దగ్గర మీకూ పనికొస్తుంది.

తెరపై కట్టడం

బ్రిక్‌లింక్ వారి స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. లినక్స్ వాడేవాళ్లకు లియోక్యాడ్ ఉంది. జాబితాలోంచి ఇటుకను లాగి వదిలితే అది బుడిపెల మీద కుదురుకుంటుంది. ఒక గంట ఆడుకుంటే చేయి తిరుగుతుంది కాబట్టి ఆ వివరాల జోలికి పోవడం లేదు. రెండు మాటలు మాత్రం చెప్పాలి.

మొదటిది రంగు. గోడకు టాన్ (ఇసుక రంగు), అంచు పట్టీలకు డార్క్ టాన్ సరిపోతాయి. ఫలానా భాగం ఫలానా రంగులో నిజంగా తయారైందో లేదో స్టూడియోలో తెలుసుకోవచ్చు. తయారు కాని రంగు వేస్తే మామూలు చూపరులు గమనించరు కానీ, ఇటుకలతో పెరిగినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. రెండోది లోతు. కమానుల వెనక ఖాళీగా వదిలేస్తే వెనక వెలుగు దూసుకొచ్చి సినిమా సెట్టులా అట్టముక్క నిలబెట్టినట్టు ఉంటుంది. నాలుగు బుడిపెల వెనక ఇంకో గోడ, ప్రతి అంతస్తుకూ నేల, పక్కలు కూడా మూసేయండి. కమాను లోపల చీకటి చిక్కబడితేనే ముందు గోడ ముందుకు వస్తుంది.

స్టూడియోలో ఐసైట్ అనే రెండరింగ్ సదుపాయం ఉంది. బొత్తాం నొక్కితే చాలు, చూడదగ్గ చిత్రమే వస్తుంది. కట్టడంలో లోపాలు చూసుకోవడానికి అది చాలు. అసలు పని మాత్రం బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లోనే.

బ్లెండర్‌లోకి తీసుకెళ్లడం

స్టూడియోలో నమూనాను ఎల్‌డ్రా ఫైలుగా ఎగుమతి చేయండి. లెగో భాగాల ఆకారాలను కంప్యూటర్‌లో రాసిపెట్టే పద్ధతి అది. జేమ్స్ జెస్సిమన్ 1995లో మొదలుపెట్టిన ఎల్‌డ్రా వ్యవస్థను ఆయన మరణానంతరం అభిమానులే పెంచుకుంటూ వస్తున్నారు. ఆ భాగాల సంపుటిని ఉచితంగా దించుకుని, బ్లెండర్‌లో ఎల్‌డ్రా ఫైళ్లు తెరిచే యాడ్-ఆన్‌కు అది ఏ ఫోల్డర్‌లో ఉందో చూపించాలి. కొత్త భాగం ఏదైనా సంపుటిలో లేకపోతే అక్కడ ఖాళీ కనిపిస్తుంది. దాని బదులు పాత భాగం వాడి మళ్లీ ఎగుమతి చేయండి.

దిగుమతి చేసేటప్పుడు కనిపించే ఎంపికల్లో మూడింటిని అసలు వదలకండి. ఇటుకల మధ్య సందు, అంచుల గుండ్రదనం, బుడిపెలపై అక్షరాలు. ఎల్‌డ్రాలో ఒక కొలమానం 0.4 మి.మీ., బుడిపెకు 20 కొలమానాలు. అంటే ఇటుక కచ్చితంగా 8 మి.మీ. నిండి ఉంటుంది. నిజమైన ఇటుక 7.8 మి.మీ. మాత్రమే. ఆ 0.2 మి.మీ. సందే గోడలో ప్రతి కీలు దగ్గరా సన్నటి నల్ల గీతగా కనిపిస్తుంది. సందు లేకపోతే 16 బుడిపెల గోడ ఒకే పలకలా పోతపోసినట్టు తయారవుతుంది, ఇటుకలన్న మాటే ఉండదు. అంచులు కూడా కత్తిలా ఉండకూడదు. మిల్లీమీటరులో పదో వంతు గుండ్రదనం ఇచ్చి చూడండి: నల్ల గీత పక్కనే వెలుగు గీత ఒకటి పుడుతుంది. చూసేవాడి కన్ను ప్లాస్టిక్‌ను గుర్తుపట్టేది ఆ జంట గీతల వల్లే.

ఇప్పుడు కొలత పరీక్ష. నాలుగేసి బుడిపెల వరుసలు రెండున్న ఇటుక ఒకటి ఎంచుకుని దాని కొలత చూడండి. 32 మి.మీ. పొడవు, 16 మి.మీ. వెడల్పుకు దగ్గరగా ఉండాలి. కొలత మీటర్ల కొద్దీ ఉంటే మీ బొమ్మ నిజంగానే మహల్ అంత అయిపోయిందన్నమాట. స్కేలు మార్చి మళ్లీ దిగుమతి చేయాలి. ఈ పరీక్ష దాటవేస్తే తర్వాత చెప్పే ఏ అంకే పనిచేయదు.

ప్లాస్టిక్‌కు ప్రాణం

ఈ ఇటుకలు 1963 నుంచి ఏబీఎస్ ప్లాస్టిక్‌తో తయారవుతున్నాయి. దాని వక్రీభవన సూచిక సుమారు 1.54, బ్లెండర్‌లో ఐఓఆర్ అని ఉన్నచోట ఆ అంకె వేయండి. గరుకుదనాన్ని సూచించే రఫ్‌నెస్ 0.1, 0.2ల మధ్య. ఇంతవరకు అందరూ చేస్తారు. తేడా వచ్చేది ఆ గరుకుదనం అన్నిచోట్లా ఒకేలా లేకుండా చేసినప్పుడు. నాయిస్ టెక్స్‌చర్ (చెదురుమదురు మచ్చల నమూనా) ఒకటి కలిపి 0.1 నుంచి 0.25 వరకు మారేలా చేస్తే, వేళ్లు తగిలి మసకబారిన మచ్చలు మెరుపులో తెలుస్తాయి. రంగులో తెలియకూడదు, మెరుపులోనే తెలియాలి. గీతలు పెడితే వెంట్రుకలాంటివి, వాలుగా చూస్తేనే కనిపించేవి పెట్టండి. కొందరు ఉత్సాహం కొద్దీ గీతలు కుమ్మరిస్తారు. బొమ్మ రోడ్డు మీద దొరికినట్టు ఉంటుంది.

ఇటుకలను అటూ ఇటూ అర డిగ్రీ కన్నా తక్కువగా తిప్పడం ఇంకో కిటుకు. చేత్తో కట్టిన గోడలో ఏ రెండు ఇటుకలూ ఒకే సూటిలో ఉండవు, అందుకని పక్కపక్క ఇటుకల మీద కిటికీ వెలుగు కొద్దిగా వేర్వేరుగా మెరుస్తుంది. కమానులను మాత్రం తిప్పకండి, వంకర వెంటనే తెలిసిపోతుంది.

లేత రంగు ప్లాస్టిక్‌లోకి వెలుగు కొంచెం ఇంకుతుంది. దీనికి సబ్‌సర్ఫేస్ అనే అమరిక ఉంది కానీ, బ్లెండర్ ముందుగా ఇచ్చే దూరాలు మన బొమ్మకు మరీ ఎక్కువ. వాటిని అలాగే ఉంచితే గోడ మైనంలా కరుగుతున్నట్టు ఉంటుంది. మిల్లీమీటరుకు తగ్గించండి, లేదా దాని జోలికే వెళ్లకండి.

రంగులు వెలవెలబోతే మెటీరియల్‌ను తిట్టుకునే ముందు, రంగులు తెరపై ఎలా కనిపించాలో నిర్ణయించే వ్యూ ట్రాన్స్‌ఫామ్ అమరిక చూడండి. బ్లెండర్ 4.0 నుంచి ఏజీఎక్స్ అనే పద్ధతి ముందుగా ఎంపికై ఉంటుంది. అది ఎక్కువ వెలుగు పడ్డచోట గాఢమైన రంగులను నెమ్మదింపజేస్తుంది. కాంట్రాస్ట్ పెంచిన లుక్ ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఆనంద నిలయం విమానం చేయాలని చాలామందికి ఉంటుంది. దానికి పర్ల్ గోల్డ్ రంగు వాడతారు. అది బంగారం కాదు, సన్నటి మెరుపు రజను కలిపిన ప్లాస్టిక్. మెటాలిక్ విలువను 1కి తోసేస్తే ఇత్తడి చెంబు తయారవుతుంది. రాజమహల్‌తో చేయి కుదిరాకే దాని దగ్గరికి వెళ్లండి.

బల్ల, కిటికీ

బొమ్మ కింద ఏముందన్నది సగం నమ్మకాన్ని తెస్తుంది. మన ఇళ్లలో అల్మరా అరలకూ వంటగది గట్టుకూ వాడే కడప బండకు మించింది లేదు. నల్లగా ఉంటుంది, మీది మెరుగు అద్దంలా పూర్తిగా కాకుండా మసకగా ప్రతిబింబిస్తుంది, టాన్ గోడ దానిపై చక్కగా తేలి కనిపిస్తుంది. నీడలో ఫోన్‌తో నిటారుగా పైనుంచి ఫోటో తీసి టెక్స్‌చర్‌గా, అంటే బల్ల ఉపరితలంపై పరిచే చిత్రంగా, వాడండి. ఫోటోలో పడిన బండ వెడల్పు కొలుచుకోవడం మరవకండి, 30 సెం.మీ. బండను బ్లెండర్‌లోనూ 30 సెం.మీ.గానే పరచాలి. మచ్చలు పెద్దవైపోతే బొమ్మ చీమంత అనిపిస్తుంది. వెనక చంద్రగిరి కొండ ఫోటో మాత్రం వద్దు, అంతవరకు పడ్డ కష్టం అక్కడే పోతుంది. మసకబారిన ఇంటి గోడ చాలు.

వెలుగుకు ముందు ఒక చిన్న ప్రయోగం. నునుపైన ప్లాస్టిక్ వస్తువు ఏదైనా, దువ్వెన గానీ సీసా మూత గానీ, పొద్దున్నే కిటికీ దగ్గర పెట్టి కళ్లు దగ్గరగా ఆనించి చూడండి. మెరుపు తెల్లటి ముద్దగా ఉండదు. అందులో కిటికీ ఆకారం ఉంటుంది, ఇనుప ఊచలు ఒక్కొక్కటీ నల్లటి గీతల్లా తెలుస్తాయి. బ్లెండర్‌లో కూడా అదే చేయండి. మీటరు వెడల్పున్న ఏరియా లైట్‌ను (పలకలా వెలిగే దీపాన్ని) బొమ్మకు ఒక పక్కన మీటరు దూరంలో పెట్టి, దాని ముందు సన్నటి స్తంభాలతో గ్రిల్ నిలబెట్టండి. బుడిపెల గుండ్రటి పక్కలపై ఆ ఊచలు వంగి కనిపిస్తాయి. రెండో పక్క లేత రంగు గోడ ఒకటి ఉంచితే నీడలు పూర్తిగా చీకటి కావు. ఇంకేమీ వద్దు. మూడు నాలుగు లైట్లు పెట్టి పెళ్లి వీడియోలా వెలిగిస్తే నీడలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

గది మొత్తం వెలుగు కావాలనుకుంటే పాలీ హేవెన్ అనే వెబ్‌సైట్‌లో హెచ్‌డీఆర్‌ఐ చిత్రాలు (ఒక చోట చుట్టూ ఉన్న వెలుగునంతా పట్టినవి) ఉచితంగా దొరుకుతాయి. ఇంటి లోపల తీసినదే ఎంచుకోండి.

కెమెరా

లెన్స్ 85 మి.మీ., బొమ్మకు దూరం 70 సెం.మీ., ఫ్రేమ్ నిలువుగా. 36 మి.మీ. సెన్సర్‌తో సుమారు 30 సెం.మీ. ఎత్తు ఫ్రేమ్‌లో పడుతుంది, మన 18 సెం.మీ. బొమ్మకు చుట్టూ తగినంత ఖాళీ మిగులుతుంది. కెమెరాను బల్ల ముందు కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో ఉంచి కొంచెం కిందికి వంచండి.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఎంత లోతు వరకు స్పష్టంగా కనిపించాలన్నది) తప్పకుండా పెట్టాలి. ఎఫ్/8 దగ్గర దాదాపు 3 సెం.మీ. మందం మాత్రమే స్పష్టంగా ఉంటుంది. ఫోకస్ ముందు గోడపై పెడితే వెనక గోడ మెత్తబడుతుంది. ఎఫ్/2కు దించితే ఒక్క బుడిపె మందం కూడా మిగలదు. అది అందంగా ఉందని ఆశపడతారు కానీ బొమ్మ ఏమిటో తెలియకుండా పోతుంది. బొమ్మకు మరీ దగ్గరగా వెళ్లినప్పుడు ముందు భాగం కోసేసినట్టు మాయమైతే కంగారు పడకండి: కెమెరాకు ఎంత దగ్గర నుంచి కనిపించడం మొదలవ్వాలో చెప్పే క్లిప్ స్టార్ట్ మొదట 10 సెం.మీ. ఉంటుంది, దాన్ని తగ్గిస్తే సరి.

రెండర్

బ్లెండర్‌లో రెండర్ చేసే ఇంజిన్‌గా సైకిల్స్‌ను ఎంచుకోండి. ప్రయత్నాలన్నీ 25 శాతం పరిమాణంలో, తక్కువ శాంపిల్స్‌తో (ప్రతి చుక్కకూ వెలుగును లెక్కగట్టే సార్లు) చేసుకోండి. చివరిదానికి 500 దాకా శాంపిల్స్, చిత్రంలోని చుక్కల గరుకును తుడిచే డీనాయిజ్ ఆన్. డీనాయిజ్ మీదే భారం వేసి శాంపిల్స్ మరీ తగ్గిస్తే, కష్టపడి పెట్టిన సన్నటి గీతలను అదే తుడిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో మిట్టమధ్యాహ్నం రెండర్ పెడితే ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం పడిపోతుంది. రాత్రి పూట, గట్టి బల్ల మీద, ఫ్యాన్ కింద పెట్టండి. కరెంటు పోతుందన్న భయం ఉంటే ముందే సేవ్ చేయండి. కంప్యూటర్ బొత్తిగా పాతదైతే షీప్ఇట్ అనే ఆన్‌లైన్ సేవ ఉంది: మీ కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఇతరుల పని చేసిపెడుతుంది, మీ రెండర్‌ను ఇతరుల కంప్యూటర్లు చేసిపెడతాయి.

వచ్చిన చిత్రానికి సన్నటి గ్రెయిన్ (ఫోటోల్లో ఉండే రేణువులు), అంచుల్లో కాస్త నీడ చాలు. ఫైలును దాచుకునే ముందు టెక్స్‌చర్లను బ్లెండర్ ఫైలులోనే ప్యాక్ చేయండి, లేకపోతే వచ్చే ఏడాది తెరిచినప్పుడు కడప బండ గులాబీ రంగులో కనిపిస్తుంది. నలుగురితో పంచుకునేటప్పుడు కింద ‘డిజిటల్ రెండర్’ అని రాయండి. రాయకపోతే ‘ఈ సెట్ ఎక్కడ కొన్నారన్నా?’ అని అడిగే ప్రతి ఒక్కరికీ మీరే జవాబు చెప్పుకోవాలి.