జిల్లా పరిషత్తుల రాష్ట్ర సంఘం: మన వాటా బైలాస్‌లోనే రాయించండి

పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు పరిషత్ సభ్యులు నలుగురు కూర్చుంటే చాలు, మన గోడు భువనేశ్వర్‌లో ఎవరికీ పట్టదన్న మాట వస్తుంది. నిజమే, కానీ ఒడిశాలోని 30 జిల్లా పరిషత్తులు ఒకే సంఘంగా మాట్లాడితే వినక తప్పదు. కొత్తగా పెట్టినా, ఉన్నదాన్ని సరిచేసుకున్నా, గొడవంతా బైలాస్ దగ్గరే, అంటే సంఘం నియమావళి రాసేటప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

ముందు ఓటు. కాలిఫోర్నియాలో 58 కౌంటీలకు ఒక సంఘం ఉంది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో కోటికి దగ్గరగా జనం, ఆల్పైన్ కౌంటీలో రెండు వేల మంది కూడా లేరు, అయినా బోర్డులో ఇద్దరికీ ఒక్కో సీటే. నగర, శివారు, గ్రామీణ కౌంటీలని మూడు బృందాలు చేసి పదవులు వాటి మధ్య పంచుకుంటారు. మనకు ఆ మూడు బృందాలు తయారుగానే ఉన్నాయి: కటక్, సంబల్‌పూర్, బరంపురం రెవెన్యూ డివిజన్లు, ఒక్కోదానిలో 10 జిల్లాలు. అధ్యక్ష పదవి వంతులవారీగా తిరగాలి, వచ్చేసారి వంతు ఎవరిదో ఆ డివిజన్ మనిషే ఇప్పుడు ఉపాధ్యక్షుడిగానో ఉపాధ్యక్షురాలిగానో ఉండి పని నేర్చుకోవాలి. చందా జనాభాను బట్టి పెట్టండి, ఓటు మాత్రం సమానం.

కోరం, అంటే తీర్మానం చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు, ఆ విషయంలో అస్సలు మెత్తబడకండి. భువనేశ్వర్‌లో మీటింగంటే కటక్ వాళ్లు గంటలో వచ్చేస్తారు, మనవాళ్లేమో హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, విజయనగరం చుట్టూ తిరిగి, రాత్రంతా ప్రయాణం చేసి చేరాలి, మల్కనగిరి వాళ్ల సంగతి ఇంకా కష్టం. అందుకే సగం మంది హాజరు సరిపోదు, ప్రతి డివిజన్ నుంచి కనీసం మూడు జిల్లాలు లేనిదే తీర్మానం చెల్లదని రాయించాలి. వీడియోలో ఓటు వేసే వీలుండాలి, ఏడాదికి ఒక మీటింగైనా జయపురంలోనో రాయగడలోనో జరగాలి. సగం సీట్లు మహిళలవి కాబట్టి గెలిచినావిడే కూర్చోవాలి, ఆమె భర్త కాదు. ఇది కూడా రాతలో ఉండాల్సిందే.

ఇక అందరూ మర్చిపోయేది ఆఫీసు. 2022 ఫిబ్రవరిలో గెలిచిన వాళ్ల అయిదేళ్లు ఒక్కసారే అయిపోతాయి, అప్పుడు ఫైళ్లు ఎవరి దగ్గరుంటాయి? జీతం మీద పనిచేసే కార్యదర్శి ఒకరు కావాలి, ఎన్నికలతో సంబంధం లేని కాంట్రాక్టుతో. రిటైరైన బీడీవో (బ్లాక్ అభివృద్ధి అధికారి) దొరికితే ఇంకా మంచిది. నిర్ణయం బోర్డుది, మాట్లాడేది అధ్యక్షులు, ఆఫీసు నడిపేది కార్యదర్శి. చెక్కుల మీద రెండు సంతకాలు, అందులో ఒకటి కోశాధికారిది, రెండో సంతకం పెట్టేవాళ్లది వేరే డివిజన్ అయి ఉండాలి.

జిల్లా పరిషత్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి కదా, అందుకని పార్టీ గొడవలు సంఘంలోకి రాకుండా నిధులు, సిబ్బంది, అధికారాలు లాంటి అందరి సమస్యల మీదే తీర్మానాలు చేయండి.

రిజిస్ట్రేషన్‌కి 1860 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు చాలు, ఆ ఏడుగురిలో మూడు డివిజన్ల వాళ్లూ ఉండేలా చూసుకోండి. వార్షిక సమావేశం అయ్యాక 14 రోజుల్లోపు కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి. ఇది బద్ధకించారంటే రేపు తగాదా వచ్చినప్పుడు అసలు పదవిలో ఎవరున్నారో చూపించడానికే నానా తంటాలు పడాలి. సంఘం ఉద్దేశాలు మార్చాలంటే అయిదింట మూడు వంతుల ఓట్లు, నెల తర్వాత మళ్లీ అంతే మంది ఒప్పుకోవాలని చట్టమే చెబుతోంది. వంతుల నియమానికీ కోరానికీ అలాంటి తాళం మీరే వేయాలి: ప్రతి డివిజన్‌లోనూ విడిగా మెజారిటీ ఒప్పుకుంటే తప్ప ఆ రెండూ మార్చకూడదని రాయించి, అప్పుడు సంతకం పెట్టండి.