మాన్యువల్ కొనేముందు ఆర్సీ తీయండి

లారీ పనులు సొంతంగా చేసుకునేవాళ్లు మోడల్ పేరొక్కటే చూసి రిపేరు పుస్తకం కొనకండి. పలాసలో జీడిపిక్కల లోడు దింపి, సెన్సర్ వైరు వెతుకుదామని నా పుస్తకం తెరిస్తే అందులో పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం ట్యాంకే లేదు! బండి బీఎస్-6, అంటే కొత్త పొగ కాలుష్య ప్రమాణానిది; పుస్తకమేమో పాత బీఎస్-4ది. 2020 ఏప్రిల్‌లో రూలు మారాక సైలెన్సర్ వైపు సామానంతా మారిపోయింది మరి. ఆర్సీలో తయారీ నెల, ఏడాది, ఛాసిస్ నంబరు చూసుకుని దానికి సరిపోయేదే అడగండి.

బండితో ఇచ్చే ఓనర్ బుక్ చాలదు. ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెబుతుంది గానీ ఇంజిన్ విప్పడం నేర్పదు. కొట్లోనే వర్క్‌షాప్ మాన్యువల్ తిప్పి చూడండి: హెడ్ బోల్టులు బిగించే వరస, ఎంత బలంగా బిగించాలో చెప్పే టార్క్ న్యూటన్ మీటర్లలో ఉన్నాయా? లేకపోతే అక్కడే పెట్టేయండి. చవకని జిరాక్స్ కాపీ తెచ్చుకుంటే వైరింగ్ బొమ్మలో గీతలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి.