నిద్రలో పళ్ళు కొరుకుతున్నారా? ముందు ఊపిరి సంగతి చూడండి

అన్నిటికన్నా ముందు ఒక మాట. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ నొప్పి వచ్చి, కాసేపు కూర్చుంటే తగ్గుతుంటే అది గుండె నొప్పి కావచ్చు, వెంటనే గుండె డాక్టరుకు చూపించండి. ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం కూడా తోడైతే ఒక్క నిమిషం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

సమస్య: లేవగానే దవడ పట్టేయడం, కణతల దగ్గర నొప్పి, పళ్ళు అరగడం, చల్లనివి తగిలితే జివ్వుమనడం

కారణం: నిద్ర మధ్యలో మెదడు కొన్ని సెకన్లపాటు సగం మేలుకుంటుంది. మనకు తెలియదు. ఆ క్షణంలో ముందు గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు బిగుస్తాయి, చివరికి పళ్ళు రాసుకుంటాయి. అంటే పళ్ళు కొరకడం వల్ల గుండె దడ రావడం లేదు. రెండూ ఆ మెలకువలోంచే పుడుతున్నాయి. టెన్షన్, కాఫీ, మద్యం, సిగరెట్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి.

పరిష్కారం: సాయంత్రం తర్వాత కాఫీ, మద్యం మానండి. మందుల మీద అనుమానముంటే డాక్టరును అడగండి, సొంతంగా ఆపొద్దు. నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు) పళ్ళను అరగకుండా కాపాడుతుంది, కొరికే అలవాటును మాత్రం మాన్పించదు.

సమస్య: వీటితోపాటు గురక, పగలంతా నిద్రమత్తు, మందులకు లొంగని బీపీ

కారణం: స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. పళ్ళు కొరికేవాళ్ళందరికీ ఇది ఉండదు, కానీ ఈ లక్షణాలన్నీ కలిసి ఉంటే వదిలేయకూడదు. గొంతు దారి మూసుకుపోయి 10 సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. రాత్రంతా ఇదే జరిగితే గుండె మీద భారం పడుతుంది. గుండె లయ తప్పే జబ్బుకూ దీనితో సంబంధం ఉంది.

పరిష్కారం: స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష చేయించుకోండి. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 సార్లు దాటితే ఆప్నియా కింద లెక్క, 30 దాటితే తీవ్రం. తీవ్రంగా ఉంటే సీప్యాప్ మెషీన్ (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారిని తెరిచి ఉంచేది) వాడమంటారు. అంతగా లేకపోతే కింది దవడను ముందుకు నిలిపే పరికరం చాలామందికి పనిచేస్తుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి. నైట్ గార్డ్ చేయించుకునే ముందు మీ గురక సంగతి పళ్ళ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పై పళ్ళకు మాత్రమే పెట్టే గార్డ్ కొందరిలో ఆప్నియాను పెంచుతుంది.

సమస్య: పళ్ళ వరసలు సరిగ్గా కలవకపోవడం

కింది దవడ చిన్నదై వెనక్కి ఉంటే నాలుక కూడా వెనక్కి జరిగి గాలి దారి ఇరుకవుతుంది. అంగిలి ఇరుకుగా ఉంటే ముక్కు దారి కూడా సన్నబడుతుంది. పళ్ళ అమరికకూ ఊపిరికీ ఉన్న సంబంధం ఇదే. పళ్ళు సరిగ్గా కలవకపోవడం వల్లే కొరుకుతారన్న పాత నమ్మకానికి ఇప్పుడు ఆధారం లేదు. అందుకే కొరకడం ఆపడానికని పళ్ళను అరగదీయించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అరిగిన పన్ను మళ్ళీ పెరగదు.

పిల్లల్లో

పళ్ళు కొరకడం చాలామందికి వయసుతోపాటు తగ్గిపోతుంది. కానీ నోరు తెరుచుకుని నిద్రపోతూ గురక కూడా పెడుతుంటే టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరిగాయేమో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. గాలి దారి తెరుచుకున్నాక కొరకడం తగ్గిన పిల్లలు ఎందరో ఉన్నారు.