జూన్‌లో దుబాయ్ విమానం ఎక్కేవాళ్ళకు

ధర్మాబాద్ మార్కెట్‌కు మిర్చి బస్తాల రాక తగ్గేసరికి మన ఊళ్ళలో దుబాయ్ మాటలు మొదలవుతాయి. మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు తెలుగు మాట్లాడే ఏ ఊరికి వెళ్ళినా గల్ఫ్ చూసొచ్చినవాళ్ళు నలుగురు కనిపిస్తారు. పక్కనున్న నిజామాబాద్ గాలి మనకూ తగిలింది. ఈసారి జూన్‌లో బయలుదేరేవాళ్ళు ఇద్దరు మా ఇంటికొచ్చి ఏం తీసుకెళ్ళాలి అని అడిగారు. తొమ్మిదేళ్ళు అక్కడ షటరింగ్ (సెంట్రింగ్) కార్పెంటరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

పని దొరుకుతుందా అన్న అనుమానం వద్దు. ఆ ఊరు ఇంకా పెరుగుతూనే ఉంది. 2024లో ఒక్క దుబాయ్‌కే 1 కోటి 87 లక్షల మంది విదేశీ టూరిస్టులు వచ్చారు. వాళ్ళు దిగడానికి హోటళ్ళు కావాలి, తిరగడానికి రోడ్లు కావాలి. 128 బిలియన్ దిర్హాముల ఖర్చుతో అల్ మక్తూమ్ విమానాశ్రయంలో కొత్త టెర్మినల్‌కు 2024 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. మెట్రోకు 30 కిలోమీటర్ల బ్లూ లైన్ వేస్తున్నారు, 2029లో తెరుస్తామంటున్నారు. 2040 నాటికి జనాభా 58 లక్షలవుతుందని లెక్క వేసుకుని ఊరి ప్లాను గీసుకున్నారు. ఫోటోల్లో మనం చూసే 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను 2010లో తెరిచారు. దాన్ని కట్టిన చేతుల్లో మన దేశం చేతులు ఎన్నో ఉన్నాయి. పని ఉంటుంది. అయితే ఆ పని చాలావరకు ఎండలో చేసేది, మీరు వెళ్తున్నదేమో సరిగ్గా ఎండ ముదిరే నెలలో. నాకు భయం అక్కడే.

"మన నాందేడ్‌లో మేలో 43, 44 డిగ్రీలు కాస్తుంది కదా అన్నా, మాకు అలవాటే" అన్నాడు ఒక తమ్ముడు. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను. మన ఎండ పొడి ఎండ. చెట్టు కిందికి పోయి తడి తువ్వాలు నెత్తిన వేసుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. దుబాయ్ సముద్రం ఒడ్డున ఉంది. జులై, ఆగస్టుల్లో గాలి నిండా తేమ. చెమట కారుతుంది కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. అందుకే అక్కడి 42 డిగ్రీలు మన 44 కంటే చెడ్డవి. రాత్రి కూడా వేడి దిగదు. ఎడారి లోపలికి పోతే ఇంకా ఎక్కువ. 2025 మేలో అబూదాబీ వైపు స్వైహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది.

నేను వెళ్ళిన మూడో రోజు సంగతి చెప్తాను. పదకొండు గంటలప్పుడు స్లాబ్ మీద ప్లైవుడ్ షీట్లు పరుస్తున్నాం. ఫోర్‌మన్ టేపు అడిగితే నేను సుత్తి అందించానట. మళ్ళీ అడిగితే మళ్ళీ సుత్తే. నాకు గుర్తు లేదు, తర్వాత చెప్పారు. పక్కన పనిచేసే బిహారీ అన్న నా మొహం చూసి, మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని నీడకు లాక్కెళ్ళి, హెల్మెట్ తీసి, డ్రమ్ములో నీళ్ళు మగ్గుతో మెడ మీద, చంకల్లో పోశాడు. ఆయన ఇంకో పది నిమిషాలు ఆలస్యం చేసుంటే స్లాబ్ అంచు నుంచి పడేవాణ్ణేమో. వడదెబ్బ అంటే కళ్ళు తిరిగి పడిపోవడమే అనుకుంటాం. అంతకంటే ముందే బుర్ర తప్పుతుంది. అడిగింది ఒకటి, ఇచ్చేది ఒకటి అవుతుంది. మాట తడబడుతుంది, ఊరికే కోపం వస్తుంది. పక్కవాడిలో అది కనిపిస్తే నవ్వకండి. నీడకు తీసుకెళ్ళి నీళ్ళు పోసి, గాలి విసిరి, 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయవద్దు.

ఒంటికి కొత్త వేడి అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎక్కువ ప్రమాదం ఆ మొదటి రోజుల్లోనే. కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. బయలుదేరే ముందు పదిహేను రోజులు కూలర్ ముందు పడుకోకండి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఎండలో చెమట పట్టే పని చేయండి, రోజూ కొంచెం కొంచెంగా పెంచండి. అక్కడికి వెళ్ళాక మొదటి రోజే మేస్త్రీ మెప్పు కోసం రెట్టింపు పని చేయవద్దు. కొత్తవాడికి మొదటి రోజు ఐదో వంతు పని ఇచ్చి, రోజుకింత పెంచాలని ఎండ పనుల గురించి తెలిసినవాళ్ళు చెప్తారు. మీ ఫోర్‌మన్ అలా ఇవ్వకపోవచ్చు. కానీ "కొత్తగా వచ్చాను, రెండు రోజులు నీడ పని ఇవ్వండి" అని అడగడంలో తప్పు లేదు. నేను అడగలేదు.

నీళ్ళు దాహం వేసినప్పుడు కాదు, పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగుతూ ఉండాలి. ఉత్త నీళ్ళే తాగినా చాలదు, ఉప్పు కూడా పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, లేదంటే ఉప్పేసిన మజ్జిగ. అక్కడ లబన్ అని మజ్జిగ సీసాల్లో దొరుకుతుంది, చౌకే. డబ్బాల్లో వచ్చే ఎనర్జీ డ్రింకుల జోలికి పోకండి. మూత్రం రంగు చూసుకోండి. టీ డికాషన్ రంగులో వస్తే ఒంట్లో నీళ్ళు లేవన్నమాట. రోజులు, నెలలు అలాగే గడిపితే కిడ్నీలు పోతాయి. ఇంకో సంగతి. ఒళ్ళు నొప్పులని రాత్రి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు వేసుకోవడం క్యాంపుల్లో మామూలు. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీలను ఇంకా దెబ్బ తీస్తాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ముందుగానే డాక్టరుకు చూపించుకోండి, వేసవి దాటాక వెళ్ళే వీలుంటే అక్టోబరుకు మార్చుకోండి.

ఒక చట్టం తెలుసుకుని వెళ్ళండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. చేయిస్తే కంపెనీకి కూలీకి 5,000 దిర్హాముల చొప్పున, ఎక్కువలో ఎక్కువ 50,000 దాకా జరిమానా. కాంక్రీటు పోయడం, తారు వేయడం లాంటి మధ్యలో ఆపలేని పనులకు మినహాయింపు ఉంది, కానీ అప్పుడు కూడా నీళ్ళు, నీడ కంపెనీయే ఇవ్వాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ నంబరు 600590000.

ఇక కాగితాలు. మనవాళ్ళు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి ఓపిగ్గా చదవండి.

పాస్‌పోర్టులో పేరు ఒక్క ముక్కే ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, విజిట్ వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో దుబాయ్ ఉన్న దేశం యూఏఈ చెప్పింది. మన దగ్గర ఇది పెద్ద చిక్కు. బడిలో మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు రాస్తారు. ఆధార్‌లో ఒట్టి పేరే ఉంటుంది. మరో కాగితంలో తెలుగు ఇంటిపేరు ముందుకొస్తుంది, స్పెల్లింగ్ మారిపోతుంది. పాస్‌పోర్టుకు పెట్టక ముందే ఆధార్, టీసీ, బ్యాంకు పాస్‌బుక్కు అన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.

పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టుకు ఈసీఆర్ (వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి అనే) ముద్ర ఉంటుంది. వాళ్ళు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటు ద్వారా అనుమతి తీసుకోవాలి. "అదంతా ఎందుకు, విజిట్ వీసా మీద పో, అక్కడికెళ్ళాక మార్చుకోవచ్చు" అనే ఏజెంటును నమ్మవద్దు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం. పట్టుబడితే ఇంటికి పంపుతారు, మళ్ళీ రానివ్వకపోవచ్చు. ఆజాద్ వీసా, అంటే ఒకరి పేరు మీద వీసా తీసుకుని ఇంకెక్కడో పని వెతుక్కోమనేదీ అంతే, దాని మీద వెళ్ళినవాళ్ళే చివరికి ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాళ్ళు అవుతున్నారు. కంపెనీ వీసా, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే అడుగు వేయండి. ఆఫర్ లెటర్ హిందీలో కూడా ఇస్తారు, అడిగి తీసుకోండి. మనకు హిందీ వచ్చు, అది మనకున్న బలం. జీతం అంకె, పని పేరు, సెలవు, తిండి ఎవరిది అన్నవి చదువుకుని ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపండి.

ఏజెంటు లైసెన్సు నంబరు ఈమైగ్రేట్ సైటులో ఉందో లేదో చూడండి. చట్ట ప్రకారం అతను తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక ఏజెంటుకు దానికి మూడింతలు పైగా కట్టాను, చేతిలో చిట్టీ కూడా లేదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షకు నెలకు మూడు వేలు వడ్డీయే అవుతుంది. నెలకు 1,000 దిర్హాముల జీతమంటే మన డబ్బులో 23 వేలకు పైనే. అందులో తిండి, ఫోను పోను ఎంత మిగిలి, ఆ అప్పు ఎప్పుడు తీరుతుందో ముందే కాగితం మీద వేసుకోండి. ఊరు పెరుగుతోంది కదా అని కళ్ళు మూసుకోవద్దు. 2009 నవంబరులో అక్కడి పెద్ద ప్రభుత్వ కంపెనీ ఒకటి అప్పులు కట్టలేక గడువు అడిగింది. ఆ సంవత్సరం ఎన్నో పనులు సగంలో ఆగిపోయాయి, కూలీలు తిరిగొచ్చారు. భూమి తాకట్టు పెట్టి మాత్రం వెళ్ళవద్దు.

ఇది సరిహద్దు వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. మన చుట్టాలందరూ అవతల ఉన్నా, మన రేషన్ కార్డు మహారాష్ట్రది. ఆ డబ్బు మనకు రాదు. అందుకే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పకుండా తీసుకోండి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ఒక పూట బిర్యానీ పార్టీ ఖర్చు కూడా కాదు. నామినీగా భార్య పేరో అమ్మ పేరో ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

డబ్బు కట్టక ముందే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. అక్కడ దిగాక నివాస వీసా ఇచ్చే ముందు టీబీ, హెచ్ఐవీ పరీక్షలు చేస్తారు. తేలితే వెనక్కి పంపుతారు. అప్పు మాత్రం ఉండిపోతుంది.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. కంపెనీ తీసి పెట్టుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదు. ఫోటోలు ఫోనులో, ఒక జిరాక్స్ ఇంట్లో ఉంచండి. చిక్కు వస్తే దుబాయ్‌లో మన ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం ఉంది, అక్కడి నుంచి 80046342కి ఫోన్ చేయడానికి డబ్బు పడదు.

ఇప్పుడు సూట్‌కేసు. ఇది ఆడవాళ్ళు కూడా చదవాలి, సర్దేది వాళ్ళే కాబట్టి. మా అమ్మ స్టీలు డబ్బాలో మసాలా పొడి కొట్టి ఇచ్చింది. మూత చుట్టూ గుడ్డ కట్టి, దారంతో బిగించి. ఎయిర్‌పోర్టుకు బయలుదేరే ముందు రాత్రి, అంతకుముందే వెళ్ళొచ్చిన మా చిన్నాయన ఆ మూత విప్పి వాసన చూసి, "వదినా, గసగసాలు వేశావా" అని అడిగాడు. వేసింది. డబ్బా పక్కన పెట్టేశాం. గసగసాలు అక్కడ మత్తు పదార్థాల లెక్కలోకి వస్తాయి. చిటికెడు ఉన్నా కేసే. కూర మసాలాలో, లడ్డూలో, దేనిలోనూ వద్దు. తమలపాకులు, పాన్ సామాను కూడా పట్టుకెళ్ళకూడదు. గుట్కా ప్యాకెట్లు ఇంట్లోనే వదిలేయండి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు అక్కడి ప్రభుత్వ అనుమతి లేకుండా తీసుకెళ్ళవద్దు. రోజూ వేసుకునే మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. "మా అబ్బాయికి ఇవ్వు బాబూ" అని పక్కింటివాళ్ళు ఇచ్చే పార్సెల్‌ను వాళ్ళ ఎదురుగానే విప్పి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోకండి.

పిల్లలతో చూడ్డానికి వెళ్ళేవాళ్ళూ ఈమధ్య ఎక్కువయ్యారు. వేసవిలో హోటళ్ళు చౌక అని ఏజెన్సీలు ఊరిస్తాయి. వీలైతే నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్ళండి. వేసవిలోనే తప్పదంటే పగలు మాల్స్‌లో గడిపి, బయట తిరగడం పొద్దు పోయాక పెట్టుకోండి. మెట్రోలో తిన్నా తాగినా 100 దిర్హాములు జరిమానా, పిల్లల చేతిలో చిప్స్ ప్యాకెట్టుకు కూడా. తెలియనివాళ్ళ ఫోటోలు, ముఖ్యంగా ఆడవాళ్ళవి తీయవద్దు. ఎడారి కదా అని వాన లేదనుకోవద్దు, 2024 ఏప్రిల్ 16న కురిసిన వానకు విమానాశ్రయమే మునిగింది.

ఇంట్లో ఉండేవాళ్ళకు ఒక మాట. అక్కడి టైము మన కంటే గంటన్నర వెనక. అక్కడ పన్నెండున్నర అంటే మన ధర్మాబాద్‌లో మధ్యాహ్నం రెండు. రెండు నుంచి నాలుగున్నర దాకా ఫోన్ చేయకండి. వాడికి నీడ దొరికేది ఆ కాసేపే, పడుకోనివ్వండి.