కణజాలంలో మాస్ట్ కణాలను గుర్తించడం ఎలా

అలర్జీకి కారణమన్న అపవాదు మోసే మాస్ట్ కణం అనే రోగనిరోధక కణం, నిజానికి బాక్టీరియా చర్మం దాటిన వెంటనే దాన్ని పసిగట్టి, రక్తంలోని న్యూట్రోఫిల్స్‌ను (బాక్టీరియాను మింగే తెల్ల రక్తకణాలను) ఆ చోటికి రప్పించే కాపలాదారు. ఆ పని ఆనవాళ్లను సెక్షన్ (కణజాలం నుంచి కోసిన పలుచని పొర) మీద చూడాలంటే టోలుయిడిన్ బ్లూ అనే రంగు చాలు. మాస్ట్ కణాల కణికల్లో (లోపలి చిన్న రేణువుల్లో) ఉండే హెపారిన్ అనే పదార్థానికి అంటుకున్నప్పుడు ఈ నీలిరంగు ఊదాగా మారుతుంది. ఈ రంగుమార్పు ఆధారంగానే పాల్ ఎర్లిఖ్ 1878లో తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో ఈ కణాలను వర్ణించాడు.

1 గ్రాము రంగును 70 శాతం ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లలో కరిగించి నిల్వ ఉంచుకోవాలి. వాడే రోజున 1 శాతం సోడియం క్లోరైడ్ ద్రావణాన్ని అప్పటికప్పుడు తయారుచేసి, పీహెచ్ 2.3కు సరిచేసి, దాని 45 మిల్లీలీటర్లలో 5 మిల్లీలీటర్ల నిల్వ రంగు కలపాలి. పీహెచ్ 2.5 దాటితే చుట్టూ ఉన్న కణజాలం కూడా నీలం పీల్చుకుని తేడా మసకబారుతుంది. పారాఫిన్ (కణజాలాన్ని పొదిగిన మైనం) తీసేసి నీటిలోకి తెచ్చిన సెక్షన్‌ను ఇందులో 2, 3 నిమిషాలు ఉంచి, నీటితో కడిగి, ఆల్కహాల్‌లో పదేసి సార్లు మాత్రమే ముంచి తీసి, జైలీన్ అనే ద్రావణిలోకి మార్చి కవర్‌స్లిప్ వేయాలి. కొత్తవాళ్ల స్లైడ్లు ఎక్కువగా పాడయ్యేది ఆల్కహాల్ దగ్గరే, ఎందుకంటే అందులో ఊదారంగు చూస్తుండగానే వెలిసిపోతుంది.

ముందుగా చిన్న రక్తనాళాల అంచులు వెతకండి. నిండుగా, గింజలు కూరిన సంచిలా కనిపించేది విశ్రాంతిలో ఉన్న కణం. అంచు చెదిరి, చుట్టూ ఊదా చుక్కలు రాలి ఉన్నది కణికలను వదిలిన కణం. ఆ కణికల్లోని హిస్టమిన్ రక్తనాళాల గోడలను వదులు చేస్తే, ముందే నిల్వ ఉన్న టీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రొటీన్ న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తుంది. 1996లో వెలువడిన ప్రయోగాల్లో, మాస్ట్ కణాలు లేని చిట్టెలుకలు పొట్టలోని బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌కు తేలిగ్గా బలయ్యాయి. ఆ కణాలను ఎక్కించినప్పుడు తట్టుకోగలిగాయి. అందుకే పక్క సెక్షన్‌ను హెమటాక్సిలిన్, ఈయోసిన్ అనే మామూలు రంగులతో అద్ది, అదే చోట న్యూట్రోఫిల్స్ చేరాయో లేదో పోల్చి చూడాలి.

అయితే బయాప్సీ తీసేటప్పుడు పట్టకారుతో నలిపినా కణికలు రాలతాయి కాబట్టి ముక్క అంచులను లెక్కలోంచి వదిలేయండి. కణికలన్నీ ఖాళీ అయిన కణం ఈ రంగుకు అసలు దొరకదు. లెక్క అనుమానంగా తగ్గితే ట్రిప్టేజ్ ఇమ్యూనో అద్దకంతో (మాస్ట్ కణాల్లోని ట్రిప్టేజ్ ఎంజైమును యాంటీబాడీతో గుర్తించే పద్ధతితో) మళ్లీ లెక్కించండి.