పాత గుట్సి మొరాయిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

ఇటాలియన్ మోటార్‌సైకిల్ కంపెనీ మోటో గుట్సి 1970ల్లో టోంటి ఫ్రేమ్ (లీనో టోంటి డిజైన్ చేసిన చట్రం) మీద చేసిన బళ్లకు, అంటే 850 టి3, 850 లె మాన్, 1000 ఎస్‌పీ లాంటివాటికి ఇది పనికొస్తుంది. సిలిండర్లు రెండూ చెరో పక్కకి బయటికి ఉంటాయి కాబట్టి కార్బరేటర్లు ఇట్టే చేతికి అందుతాయి. బండి సరిగా నడవకపోతే అందరూ ముందు వాటి స్క్రూలే తిప్పేది అందుకే. కానీ పట్టాల్సిన వరస వేరు: ముందు వాల్వులు, తర్వాత పాయింట్ల (ఇగ్నిషన్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్) గ్యాప్, ఆ తర్వాత టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ పడే క్షణం), అన్నీ అయ్యాకే కార్బరేటర్లు. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది, టైమింగ్ మారితే స్లో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ నడిచే వేగం) మారుతుంది. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

లక్షణం: స్లోలో నిలవదు, ఒక సిలిండర్ కొట్టదు

ముందు ఏ సిలిండరో తేల్చుకోండి. చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసి ఒక నిమిషం ఆగి, రెండు ఎగ్జాస్ట్ పైపుల మీద హెడ్ దగ్గర చెరో నీటి చుక్క వేయండి. కొడుతున్న వైపు చుక్క చుయ్యిమని ఎగిరిపోతుంది, కొట్టని వైపు పైపు మీద నుంచి మెల్లగా జారిపోతుంది.

వాల్వులు: ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. ప్లగ్గులు తీసి, అయిదో గేర్ వేసి, వెనక చక్రాన్ని ముందుకు తిప్పండి. బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనున్న భాగం) కుడివైపు రబ్బరు మూత తీస్తే చిన్న కిటికీలోంచి ఫ్లైవీల్ కనిపిస్తుంది. దాని మీద ‘డి’ అంటే కుడి, ‘ఎస్’ అంటే ఎడమ. ఇటాలియన్‌లో డెస్త్రా, సినిస్త్రా. సీటు మీద కూర్చున్నప్పటి కుడి ఎడమలే లెక్క. ‘డి’ గీత కిటికీ మధ్యకి వచ్చి, కుడి సిలిండర్ రాకర్లు (వాల్వులను నొక్కే మీటలు) రెండూ వదులుగా ఆడితే అది కంప్రెషన్ మీద ఉన్నట్టు. ఆడకపోతే ఇంజన్‌ను ఇంకో చుట్టు తిప్పండి. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండిటికీ రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ 0.22 మి.మీ. ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే పలుచటి రేకు) కాస్త పట్టి పట్టనట్టు జారాలి. లాక్ నట్ బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు నట్‌తో పాటు స్క్రూ కూడా కొద్దిగా తిరుగుతుంది. ఎడమవైపు ‘ఎస్’ గీతతో ఇదే పని.

పాయింట్లు: మారెల్లి డిస్ట్రిబ్యూటర్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక సెట్ ఉంటుంది. పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.42 నుంచి 0.48 మి.మీ. మధ్య ఉండాలి. ఒక పాయింట్ మీద గుంట, ఎదుటిదాని మీద బొడిపె కనిపిస్తే కండెన్సర్ మార్చండి. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక ఒక పక్క మిస్ అవుతుంటే కండెన్సర్‌నీ కాయిల్‌నీ అనుమానించండి. కార్బరేటర్‌లో చెత్త ఉంటే అది ఇంజన్ వేడి చూసుకుని రాదు.

టైమింగ్: ఒక చిన్న 12 వోల్టుల బల్బు వైరు పాయింట్ల టెర్మినల్‌కి, రెండోది ఎర్త్‌కి పెట్టి తాళం ఆన్ చేయండి. పాయింట్లు విడిన క్షణంలో బల్బు వెలుగుతుంది. ఫ్లైవీల్ మీది స్టాటిక్ అడ్వాన్స్ గీత (ఇంజన్ ఆపి టైమింగ్ చూసే గుర్తు) కిటికీకి వచ్చినప్పుడే వెలగాలి. ముందు కుడివైపు, డిస్ట్రిబ్యూటర్ బాడీని తిప్పి సరిచేయాలి. తర్వాత ఎడమవైపు, బాడీ ముట్టకుండా ఆ సెట్ ప్లేటును మాత్రమే జరపాలి. బాడీ తిప్పితే రెండూ కదులుతాయి కాబట్టి ఎడమతో మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ స్పీడు వెంటనే దిగకుండా పైనే ఉంటే, డిస్ట్రిబ్యూటర్ లోపలి అడ్వాన్స్ బరువులు ఎండి పట్టేస్తున్నాయేమో, స్ప్రింగులు సాగాయేమో చూడండి.

ఇప్పుడు కార్బరేటర్లు: చోక్ కేబుల్‌కి రెండు మూడు మిల్లీమీటర్ల లూజు తప్పనిసరి. అది లేకపోయినా, చోక్ ప్లంజర్ కింది రబ్బరు గట్టిపడినా, ఆ వైపు ప్లగ్ నల్లగా మసిపట్టి వస్తుంది. ఇన్‌టేక్ రబ్బర్లకు పగుళ్లుంటే స్లోలో కార్బ్ క్లీనర్ (కార్బరేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొంచెం కొట్టగానే ఇంజన్ శబ్దం మారుతుంది. ఇంజన్ వేడిగా ఉంది, నిప్పు జాగ్రత్త. తర్వాత మిక్స్చర్ స్క్రూ మెల్లగా చివరిదాకా మూసి చుట్టున్నర తెరవండి. గట్టిగా బిగిస్తే దాని సూది మొన అరిగిపోతుంది. స్లో 1,000 నుంచి 1,100 ఆర్‌పీఎం దగ్గర, రెండు వైపులా వాక్యూమ్ గేజ్ ఒకేలా చూపేలా స్లైడ్ స్క్రూలు సరిచేయండి. అక్కడితో ఆపేస్తే సగం పనే. యాక్సిలరేటర్ కొంచెం తెరిచి 2,500 దగ్గర కేబుళ్లను కూడా సమం చేయాలి, రోడ్డు మీద బండి నడిచేది అక్కడే. లె మాన్‌లోని డెల్లోర్టో పీహెచ్‌ఎఫ్ కార్బరేటర్లలో ఫ్లోట్ ఎత్తు 18 మి.మీ., అర మిల్లీమీటరు అటూఇటూ. ఈ పీహెచ్‌ఎఫ్‌లున్న బండి ఒక్కసారిగా రేస్ ఇస్తే తడబడుతుంటే, ఇంజన్ ఆపి బెల్‌మౌత్‌లోకి (కార్బరేటర్‌కి గాలి వెళ్లే నోరు) చూస్తూ యాక్సిలరేటర్ తిప్పండి. సన్నటి పెట్రోల్ ధార రెండు వైపులా ఒకేసారి రావాలి. ఒక వైపు రాకపోతే పంప్ డయాఫ్రమ్ పోయింది.

లక్షణం: బ్యాటరీ చార్జ్ అవ్వదు

తాళం ఆన్ చేయగానే చార్జింగ్ లైట్ వెలుగుతుందా? ఇదే మొదటి ప్రశ్న. బాష్ ఆల్టర్నేటర్ రోటర్‌కి తొలి కరెంటు వెళ్లేది ఆ బల్బు గుండానే, కాబట్టి పది పైసల బల్బు పోయినా చార్జింగ్ ఆగిపోగలదు. బల్బు బాగుండీ వెలగకపోతే రెగ్యులేటర్ ప్లగ్ తీసి, ఇంజన్ ఆపి ఉండగానే, ‘డీ ప్లస్’, ‘డీఎఫ్’ వైర్లను కలపండి. లైట్ వెలిగితే రెగ్యులేటర్ పోయింది. అయినా వెలగకపోతే ఇంజన్ ముందువైపున్న ఆల్టర్నేటర్ కవర్ తీసి బ్రష్షుల పొడవు, రోటర్ రింగుల మధ్య రెసిస్టెన్స్ చూడండి. మూడు నాలుగు ఓమ్‌లు ఉండాలి, మీటర్ అసలు కదలకపోతే వైండింగ్ తెగింది. కొన్ని రోటర్లు చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపి వేడెక్కాక తెగుతాయి, కాబట్టి బండి నడిపి వచ్చాక కూడా కొలవండి. ఇంజన్ నడుస్తున్నా లైట్ ఆరకపోతే స్టేటర్ వైర్లు, డయోడ్ ప్లేటు వెతకాలి. అంతా బాగుంటే 3,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 14 వోల్టుల చుట్టుపక్కల రావాలి.

స్టార్టర్ నొక్కితే టిక్‌మని ఆగిపోవడం: బ్యాటరీ నిండుగా ఉంటే, పాత తాళం స్విచ్, కనెక్టర్లలో వోల్టేజ్ తగ్గిపోయి స్టార్టర్ సోలెనాయిడ్ (స్టార్టర్‌ను కలిపే విద్యుదయస్కాంతం) లాగలేకపోతోంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా రిలే పెట్టండి.

లక్షణం: బెల్ హౌసింగ్ కింద ఆయిల్

చుక్కను వేలి మీద తీసుకుని వాసన చూడండి. గంధకపు ఘాటు ఉంటే గేర్ ఆయిల్: గేర్‌బాక్స్ ముందు సీలు, లేదా క్లచ్ పుష్‌రాడ్ సీలు. వాసన లేకపోతే ఇంజన్ ఆయిల్: క్రాంక్ వెనక సీలు. కానీ దానికోసం గేర్‌బాక్స్ దించే ముందు బ్రీదర్ గొట్టం (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) వంచి చూడండి. వంచితే తప్ప కనపడని పగులు నుంచి ఆయిల్ తుంపరగా వచ్చి, ఇంజన్ వెనక జారి, అచ్చం సీలు లీక్‌లాగే కనిపిస్తుంది.

టి3తో మొదలుపెట్టి ఆయిల్ ఫిల్టర్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోపల ఉంటుంది. అది వదులైతే బయటికి తెలీదు, ప్రెషర్ పడిపోయాకే తెలుస్తుంది. ఫిల్టర్ బిగించాక దాని చుట్టూ ఒక హోస్ క్లిప్ వేసి, క్లిప్ స్క్రూ తల సంప్ గోడకి ఆనేలా తిప్పి పెడితే తిరగలేదు.

సంప్ దించినప్పుడే ఆయిల్‌ను ఎండలో పట్టి చూడండి. వెండి పొరల్లాంటి తళుకు కనిపిస్తే సిలిండర్ లోపలి క్రోమ్ పూత ఊడుతున్నట్టు. ఆ రేకులు బేరింగుల్లోకి వెళ్లి క్రాంక్‌ను కోస్తాయి. క్రోమ్ బోర్‌ను రీబోర్ చేయకూడదు. నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ పూత) సిలిండర్లు, వాటికి తగిన పిస్టన్లు వేయాలి, బేరింగులు కూడా విప్పి చూడాలి.

వెనక డ్రైవ్ పెట్టెలో మొత్తం 250 మి.లీ. చాలు. అందులో 230 ఈపీ 90 గేర్ ఆయిల్, మిగతా 20 మాలిబ్డినం డైసల్ఫైడ్. గేర్‌బాక్స్‌లో 750 మి.లీ.